అన్నీ ‘అవమానించడమే’ అయితే ఇంగ్లీషుకి ఇన్ని మాటలెందుకు?

మీరు అడిగింది ఇదీ: టీమ్ మీటింగులో అందరి ముందూ మీ మేనేజరు మీ రిపోర్టు చూపించి “ఇది మా ఐదో తరగతి పిల్లాడు రాసినట్టుంది” అన్నాడు, అందరూ నవ్వారు, ఇప్పుడు మీరు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి. ఇన్సల్ట్ అని రాయాలా, హ్యుమిలియేట్ అనా, ఎంబరాస్ అనా, డిమీన్ అనా? నిఘంటువు తీస్తే అన్నిటి ఎదురుగా ‘అవమానించు, కించపరచు’ అనే ఉంది. వీటిలో ఏది చిన్నది, ఏది పెద్దది?

చాలా ఏళ్లు పత్రికలో డెస్కు మీద కూర్చుని ఏజెన్సీ వార్తలు తెలుగు చేశాను. ఇప్పుడు లాయర్ల దగ్గరికొచ్చే ఫిర్యాదులూ పిటిషన్లూ ఈ భాష నుంచి ఆ భాషకి మారుస్తుంటాను. అందుకని ఈ మాటలతో నాది రోజూ ఉండే గొడవే. ముందు ఒక సంగతి చెప్తాను. చిన్నది, పెద్దది అని మెట్లు కట్టి చూస్తే ఇవి ఎప్పటికీ లొంగవు. ఇంగ్లీషులో వీటిని విడదీసేది ఘాటు కాదు, ఏం పోయింది, ఎవరి వల్ల పోయింది అన్నది. ఒకచోట పోయేది మర్యాద, ఒకచోట హోదా, ఒకచోట తన మీద తనకున్న గౌరవం. ఎంబరాస్‌లో అయితే ఏదీ పోదు, కాసేపు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అంతే.

మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఇన్సల్ట్’ ఎప్పుడో తెలుగు మాటైపోయింది. “నలుగురిలో ఇన్సల్ట్ చేశాడు”, “నాకు చాలా ఇన్సల్ట్‌గా అనిపించింది”, “ఇన్సల్ట్ ఫీలయ్యాడు పాపం” అని రోజూ అంటాం. ఇలా అన్నప్పుడు మన మనసులో ఉన్నది చాలాసార్లు ఇంగ్లీషులో హ్యుమిలియేషన్ అనేది. తలవంపులు, చిన్నతనం, నలుగురిలో పరువు పోవడం, ఇవన్నీ ఆ ఒక్క ‘ఇన్సల్ట్’లో కుక్కేశాం. అదే మాటను తీసుకెళ్లి మళ్లీ ఇంగ్లీషు వాక్యంలో పెట్టేసరికి సగం బరువు దారిలోనే జారిపోతుంది, ఎందుకంటే ఇంగ్లీషువాడి ఇన్సల్ట్ అంత మోయదు.

ఇన్సల్ట్ అనేది అన్నవాడు చేసిన పని. హ్యుమిలియేట్ అనేది పడ్డవాడికి జరిగిన నష్టం. ఇన్సల్ట్ గురి తప్పొచ్చు కూడా. “వాడు నన్ను ఇన్సల్ట్ చేశాడు, నేను నవ్వి ఊరుకున్నాను” అనే వాక్యం ఇంగ్లీషులో నిక్షేపంగా చెల్లుతుంది. “వాడు నన్ను హ్యుమిలియేట్ చేశాడు, నాకేమీ అనిపించలేదు” అంటే మాత్రం వినేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకంటే ఏమీ అనిపించకపోతే ఆ పని పూర్తికానట్టే లెక్క. మూలాలు చూసినా ఇంతే. లాటిన్‌లో ఇన్సల్ట్‌కి ముందున్న మాటకి అర్థం మీదికి దూకడం. హ్యుమిలియేట్ వచ్చింది ‘నేల’ అనే అర్థమున్న హ్యూమస్ అనే మాట నుంచి, అంటే మనిషిని నేలకి దించేయడం. మొదటిదానిలో దూకినవాడు కనిపిస్తాడు, రెండోదానిలో కిందపడ్డవాడు కనిపిస్తాడు. కాబట్టి ‘ఫీలింగ్’ కూడా వేరు: ఇన్సల్ట్ అయితే కోపం వస్తుంది, తిరిగి ఒకటి అనాలనిపిస్తుంది, హ్యుమిలియేట్ అయితే నోరు పెగలదు, అక్కణ్ణించి మాయమైపోతే బాగుండుననిపిస్తుంది.

ఒక్క చెడ్డ మాట కూడా లేకుండా హ్యుమిలియేట్ చేయొచ్చు, అది గుర్తుపెట్టుకోండి. మన ఊళ్ల టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది కదా, దళితులకి వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. హోటలువాడు పన్నెత్తి ఒక్క మాట అనకపోవచ్చు, “టీ తీసుకో అబ్బాయ్” అని మర్యాదగానే ఇచ్చి ఉండొచ్చు. ఇక్కడ ఇన్సల్ట్ అనదగ్గ మాట ఏదీ లేదు, కానీ జరిగిందంతా హ్యుమిలియేషనే. ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుంటే రెండిటి తేడా ఇంక మర్చిపోరు.

మన చట్టం రాసినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక క్లాజు ఉంది (2015 సవరణ తర్వాత దాని నంబరు మారింది): కావాలని ఇన్సల్ట్ చేయడం లేదా బెదిరించడం, అదీ హ్యుమిలియేట్ చేయాలనే ఉద్దేశంతో, అదీ జనం కంటపడే చోట. ఒకే వాక్యంలో రెండు మాటలూ వాడి, ఇన్సల్ట్‌ని సాధనంగా, హ్యుమిలియేషన్‌ని లక్ష్యంగా పెట్టారు. దీన్ని తెలుగులో “అవమానించాలనే ఉద్దేశంతో అవమానించడం” అని రాసిన ఫిర్యాదులు నా టేబుల్ మీదికి వచ్చాయి, చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. నేనైతే మొదటిదానికి ‘దూషించడం’, రెండోదానికి ‘అవమానించడం’ అని పెడతాను, వాక్యం నిలబడుతుంది.

జనం కంటపడే చోట అన్నారు కదా, మరి చూసేవాళ్లు లేకపోతే హ్యుమిలియేషన్ కాదా అని అనుమానం రావచ్చు. ఆ చట్టం కింద నేరం కావాలంటే చూసేవాళ్లు ఉండాలి. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనిచోట అన్న మాటలకి ఆ క్లాజు వర్తించదంది. అది ఆ చట్టం పెట్టుకున్న షరతు, మాట అర్థంలో ఉన్న షరతు కాదు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్రిటన్‌ది. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఒక పదిహేనేళ్ల కుర్రాడికి 1972లో కోర్టు బెత్తం దెబ్బల శిక్ష వేసింది, పోలీస్ స్టేషన్ గదిలో బట్ట విప్పించి మూడు దెబ్బలు కొట్టారు. టైరర్ అనే ఆ కుర్రాడి కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లింది. బహిరంగంగా కొట్టలేదు కదా అనే మాట వచ్చింది. 1978లో తీర్పు చెప్తూ కోర్టు, ఇతరుల కళ్లలో కాకపోయినా తన కళ్లలో తాను హ్యుమిలియేట్ అయితే చాలు, అది డిగ్రేడింగ్ శిక్ష కావచ్చు అంది. కాబట్టి నలుగురూ ఉంటే ‘పబ్లిక్లీ’ అని ముందు ఒక మాట చేర్చుతారు, లేకపోయినా హ్యుమిలియేషన్ హ్యుమిలియేషనే.

ఇక ఎంబరాస్. మనవాళ్లు ఎక్కువ తప్పుగా వాడేది ఇదే. ఫ్రెంచ్ నుంచి వచ్చింది, అక్కడ అసలు అర్థం దారికి అడ్డం పెట్టడం, ఇరికించడం. (స్పానిష్‌లో దీని చుట్టం ‘ఎంబరసాదా’ అంటే గర్భిణి. ఇంగ్లీషు వచ్చినవాళ్లు స్పానిష్ నేర్చుకునేటప్పుడు సిగ్గుపడ్డానని చెప్పబోయి కడుపుతో ఉన్నానని చెప్పడం చాలా పాత జోకు.) ఎంబరాస్ కావడానికి ఎదుటివాడు చెడ్డవాడు కానక్కర్లేదు, అసలు ఎదుటివాడే ఉండనక్కర్లేదు. సంతాప సభలో మీ ఫోన్ మాస్ పాట రింగ్‌టోన్‌తో మోగితే ఎంబరాస్‌మెంట్. ఎవరో పెద్దాయన పేరు మర్చిపోయి “మీరు... మీరు...” అని నసిగితే ఎంబరాస్‌మెంట్. మీ అమ్మగారు చుట్టాల ముందు “మావాడికి చిన్నప్పటినుంచీ ఫస్టు ర్యాంకే” అని మొదలుపెట్టినా ఎంబరాస్‌మెంటే, అది పొగడ్త అయినా సరే. పొగిడినా వచ్చేదాన్ని అవమానం అని ఎలా అంటాం? దీనికి మన మాటలు ‘ఇబ్బంది’, ‘మొహమాటం’, ‘సిగ్గేయడం’. ప్రభుత్వానికి ఎంబరాస్‌మెంట్ అని ఏజెన్సీ కాపీ వస్తే డెస్కు మీద మేం ‘ఇరకాటం’ అని రాసేవాళ్లం. ఫ్రెంచ్ మూలానికి అంత దగ్గరి మాట ఎవరికి తట్టిందో గానీ దండం పెట్టాలి.

మార్టిఫై అనేది ఈ ఎంబరాస్‌కే చివరి అంచు. మూలంలో చావు ఉంది, అందుకే “సిగ్గుతో చచ్చిపోయాను” అనే మన మాట దానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. దీన్ని భయపడటం అనుకుని వాడేవాళ్లు చాలామంది, “దెయ్యం సినిమా చూసి మార్టిఫై అయ్యాను” అని రాస్తారు. కాదు. భయానికీ దీనికీ సంబంధం లేదు.

హ్యుమిలియేట్‌కి తోబుట్టువు ఒకటుంది, హంబుల్. ఒకే నేల నుంచి పుట్టాయి, నడత మాత్రం పూర్తిగా వేరు. హంబుల్ కావాలంటే ముందు పైన ఉండాలి. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మనవాళ్లు 36 పరుగులకి ఆలౌటయ్యారు. అది హ్యుమిలియేటింగ్ డిఫీట్, ఘోర పరాభవం. నెల తిరిగేసరికి 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో, 1988 తర్వాత ఆస్ట్రేలియా ఒక్క టెస్టూ ఓడని గాబా మైదానంలో, సగం జట్టు గాయాలతో బయట ఉన్నా మనం గెలిచాం. అప్పుడు ఆస్ట్రేలియాకి జరిగింది హంబుల్ కావడం. ఎదుటివాడి పొగరు దిగిందనే తృప్తి అందులో ఉంటుంది. తెలుగులో గర్వభంగం అనండి, శృంగభంగం అనండి, రెండూ దీనికే పనికొస్తాయి. బలహీనుణ్ణి ఎవరైనా హ్యుమిలియేట్ చేయొచ్చు, హంబుల్ చేయలేరు, దించడానికి వాడి దగ్గర కొమ్ములుండాలి కదా. ఈ మధ్య అవార్డు వచ్చిన ప్రతివాడూ లింక్డ్‌ఇన్‌లో “ఐ యామ్ హంబుల్డ్” అని పెడుతున్నాడు, పెద్ద గౌరవం ముందు నేను చిన్నవాణ్ణి అనిపించింది అని దాని భావం. అర్థం పరంగా తప్పు లేదు, కానీ పైకి వినయం, లోపల డప్పు. ఆ రకానికి ఇంగ్లీషువాళ్లే హంబుల్‌బ్రాగ్ అని పేరు పెట్టి నవ్వుకుంటున్నారు, కాబట్టి చూసి వాడండి.

ఆ సిరీస్‌లోనే ఇంకో మాటకి ఉదాహరణ ఉంది. సిడ్నీ టెస్టులో మన హైదరాబాదీ సిరాజ్‌ని ప్రేక్షకుల్లో కొందరు తిట్టారని భారత జట్టు ఫిర్యాదు చేసింది, ఆట ఆపి కొందరిని స్టాండ్ నుంచి బయటికి పంపారు. దాన్ని పత్రికలన్నీ రేషియల్ అబ్యూజ్ అని రాశాయి, ఇన్సల్ట్ అని కాదు. ఇన్సల్ట్ ఒక్క మాటతో అయిపోతుంది. అబ్యూజ్ అంటే తిట్ల వాన, లేదా పదేపదే జరిగేది, చేసేవాడికి ఎంతోకొంత పైచేయి ఉన్నచోట జరిగేది. 2005 గృహహింస చట్టంలో మాటలతో, మానసికంగా చేసే అబ్యూజ్ కిందికి ఏమేం వస్తాయో చెప్తూ ఇన్సల్ట్‌లు, రిడిక్యూల్, హ్యుమిలియేషన్, పేర్లు పెట్టి పిలవడం అని విడివిడిగా రాశారు, పిల్లలు లేరనో మగపిల్లాడు లేడనో దెప్పడాన్ని ప్రత్యేకంగా చెప్పారు. చట్టాల్లో ఇలా నాలుగైదు మాటలు వరసగా పేర్చడం వాచాలత్వం అనుకునేవాణ్ణి. కాదు, ప్రతి మాటా ఒక్కో సందు మూయడానికి పెట్టిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం చూడండి. టీజ్ చేసినా, ఎంబరాస్ చేసినా, హ్యుమిలియేట్ చేసినా ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడూ వేరని ఒప్పుకుంటూనే మూడిటికీ ఒకే శిక్ష పెట్టారు, “సరదాగా ఆటపట్టించాం సార్” అని సీనియర్ తప్పించుకోకుండా. చదువుకునేటప్పుడు కాలేజీలో ఈ శిక్షలు రాసి పెట్టిన బోర్డు ముందు నుంచే రోజూ నడిచి ఉంటారు.

డిగ్రేడ్‌కి వద్దాం, ఇది కాస్త లోతైన మాట. గ్రేడ్ అంటే మెట్టు, డిగ్రేడ్ అంటే ఉన్న మెట్టు మీంచి దించేయడం. మొదట్లో ఇది అచ్చంగా హోదా ఊడబెరకడమే. 1895 జనవరి 5న పారిస్‌లో సైనిక పాఠశాల ఆవరణలో కెప్టెన్ డ్రేఫస్‌ని సైనికుల ముందు నిలబెట్టి, యూనిఫామ్ మీద బిళ్లలూ పట్టీలూ పీకేసి, కత్తిని విరిచేశారు. బయట జనం కేకలు. ఫ్రెంచ్‌లో ఆ తంతుకి పేరే డిగ్రడాసియాఁ. దేశద్రోహం అంటగట్టారు, పాపం ఏ తప్పూ చేయలేదని తేలి 1906లో మళ్లీ సైన్యంలోకి తీసుకున్నారు. ఇప్పుడు ఆ మాటలో పోయేది సైనిక హోదా కాదు, మనిషి అనే హోదా. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన ఐదో అధికరణంలో చిత్రహింసతోపాటు డిగ్రేడింగ్ ట్రీట్‌మెంట్ కూడా ఎవరికీ ఉండకూడదు అన్నది ఈ అర్థంలోనే. కాబట్టి మేనేజర్ ఒక జోకు వేసినదానికి డిగ్రేడ్ అని రాస్తే చదివేవాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. ఆ మాట లాకప్పులకీ, బట్టలు విప్పించే తనిఖీలకీ, మనుషులతో మలం ఎత్తించే పనులకీ ఉంచండి.

మనకి తెలిసిన కథలోనే చెప్పమంటారా? మయసభలో నీళ్లని నేలనుకుని దుర్యోధనుడు అందులో పడ్డాడు, అక్కడిదాకా ఎంబరాస్‌మెంట్. చూసినవాళ్లు పకపకా నవ్వారు, అప్పుడది హ్యుమిలియేషన్ అయింది. తర్వాత జూదసభలో ద్రౌపదిని ‘దాసి’ అని ఈడ్చుకొచ్చారు చూడండి, మహారాణి హోదా తీసేసి, చివరికి మనిషి అన్న మర్యాద కూడా తీసేయబోయారు, అది డిగ్రేడ్ చేయడం. కర్ణుడూ దుశ్శాసనుడూ అక్కడ నోటికొచ్చినట్టు అన్న మాటలు ఇన్సల్ట్‌లు. ఒకే కథలో నాలుగూ దొరుకుతాయి.

డిమీన్‌కి ఎక్కువగా మనిషి కర్త కాడు. ఒక పని డిమీనింగ్‌గా ఉంటుంది, ఒక ప్రకటన స్త్రీలని డిమీన్ చేస్తుంది, ఆ భాష డిమీనింగ్. ఒకరి స్థాయికి తగనిది చేయించడం, లేదా తగనట్టు చూపించడం. ఇంజనీరుగా చేరినవాడి చేత రోజూ బాసుగారి పిల్లల్ని స్కూలు నుంచి తెప్పిస్తే డిమీనింగ్ వర్క్. తనంతట తాను దిగజారితే డిమీన్ వన్‌సెల్ఫ్. కోర్టు కాగితాల్లో సాక్షి ‘డిమీనర్’ అని కనిపిస్తుంది, కంగారుపడకండి, అది ప్రవర్తన, హావభావం అనే వేరే మాట నుంచి వచ్చింది, అవమానంతో దానికి చుట్టరికం లేదు. ఒకసారి ఒక జూనియర్ లాయరు “సాక్షిని అవమానించినట్టు కోర్టు గమనించింది” అని రాసుకొచ్చాడు దీనివల్లే.

డిబేస్ మనుషులకి పెద్దగా వాడరు, నాణేలకీ భాషకీ ప్రమాణాలకీ వాడతారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1540లలో వెండి నాణేల్లో రాగి కలిపించిన వ్యవహారాన్ని చరిత్రలో గ్రేట్ డిబేస్‌మెంట్ అంటారు. అబేస్ అయితే దాదాపు ఎప్పుడూ తనని తాను తగ్గించుకోవడమే, కాళ్ల మీద పడటం లాంటిది. 1077 చలికాలంలో జర్మన్ రాజు నాలుగో హెన్రీ, తనని వెలివేసిన పోప్ క్షమాపణ కోసం ఇటలీలో కనోస్సా కోట ముందు మూడు రోజులు పడిగాపులు పడ్డాడు, అది అబేస్. ఈ రెండూ మీ మెయిల్‌కి అక్కర్లేదు.

అక్కర్లేనివి ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. మాక్ అంటే అనుకరించి వెక్కిరించడం. రిడిక్యూల్ అంటే నవ్వులపాలు చేయడం. టాంట్ అంటే దెప్పి రెచ్చగొట్టడం. టీజ్‌లో ప్రేమ కూడా ఉండొచ్చు. రోస్ట్ అంటే నలుగురి ముందూ సరదాకి ఆటపట్టించడం, దానికి ఒప్పుకుని కూర్చుంటారు, ఒప్పుకోకుండా చేస్తే అది రోస్ట్ కాదు.

స్నబ్, స్లైట్ మాత్రం తెలుసుకోదగ్గవి, ఎందుకంటే ఈ రెండూ ఏదీ చేయకుండా చేసే అవమానాలు. చేయి చాపితే చూడనట్టు పక్కకి వెళ్లిపోవడం స్నబ్. చేయవలసిన మర్యాద చేయకపోవడం స్లైట్. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారి అలకలన్నీ స్లైట్ కింద పడతాయి: బొట్టు పెట్టి పిలవలేదు, వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకున్నారు, మా బావగారికి కాఫీ ఆలస్యంగా ఇచ్చారు, రెండో వరసలో కూర్చోబెట్టారు. నిజంగా జరిగిందో, అలా అనిపించిందో తేలని విషయం కాబట్టి ఇంగ్లీషులో ‘పర్సీవ్డ్ స్లైట్’ అనే జంట చాలా కనిపిస్తుంది. ఇవన్నీ ఇన్సల్ట్ అంటే బరువెక్కువ. “లెక్క చేయలేదు” అనే మాట సరిపోతుంది.

అమెరికాలో ఉద్యోగం మానేసేటప్పుడో తీసేసినప్పుడో సంతకం పెట్టించే కాగితాల్లో నాన్-డిస్పరేజ్‌మెంట్ అనే క్లాజు చూసి అక్కడున్న మనవాళ్లు “నేను కంపెనీని అవమానించనని రాయమంటున్నారు” అని అడుగుతుంటారు. డిస్పరేజ్ అంటే అవమానించడం కాదు, తక్కువ చేసి చెడుగా చెప్పడం. మొదట్లో దాని అర్థం తక్కువ హోదా వాళ్లతో పెళ్లి చేయడం. 1215 మాగ్నా కార్టాలో వారసులకి పెళ్లి చేయించేటప్పుడు డిస్పరేజ్‌మెంట్ జరగకూడదు అని ఉన్నది ఆ అర్థంలోనే. ఇప్పుడు ముఖ్యమైన సంగతేమిటంటే, మీరు చెప్పింది నిజమైనా అది డిస్పరేజ్ కావచ్చు. అమెరికాలో డిఫమేషన్ అంటే చెప్పింది అబద్ధమై ఉండాలి. మన దగ్గర క్రిమినల్ పరువునష్టం కేసులో నిజం చెప్పానంటే మాత్రమే చాలదు, అది ప్రజాహితం కోసం అని కూడా చూపించాలి. కాబట్టి ఆ కాగితం మీద సంతకం పెట్టాక కంపెనీ గురించి నిజాలైనా సరే రివ్యూ సైట్లలో రాసేముందు లాయరుని అడగండి.

షేమ్, డిస్‌గ్రేస్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి, మీలాంటి మెయిల్స్‌లో అసలు ప్రమాదం ఇక్కడే. “ఐ ఫెల్ట్ అషేమ్డ్” అంటే తప్పు చేసినందుకు సిగ్గుపడ్డాను అని. తప్పు మీదే అని మీరే ఒప్పుకున్నట్టు. హ్యుమిలియేటెడ్ అంటే నాకు ఇది జరగాల్సింది కాదు అనే భావం లోపలే ఉంటుంది. తెలుగులో “సిగ్గుతో తలదించుకున్నాను” అనే వాక్యం రెండిటికీ సరిపోతుంది కాబట్టి మనకి ఆ గీత కనపడదు. ఎన్ని ఫిర్యాదుల్లో పాపం బాధితులే అషేమ్డ్ అని రాసుకున్నారో చెప్పలేను, అవతలి లాయరు ఆ ఒక్క మాట కింద గీత గీసి అడుగుతాడు, ఎందుకు సిగ్గుపడ్డారండీ అని. డిస్‌గ్రేస్ కూడా ఇంతే, అది తన పని వల్ల తనకీ తనవాళ్లకీ వచ్చే తలవంపులు. డిస్‌గ్రేస్డ్ మినిస్టర్ అంటే ఎవరో అవమానించిన మంత్రి కాదు, తన నిర్వాకంతో పరువూ పదవీ పోగొట్టుకున్న మంత్రి.

మీ మెయిల్‌కి వద్దాం. మీ మేనేజరు చేసినదానికి సరైన మాట మీరు ఇచ్చిన నాలుగిటిలో లేదు. అది బిలిటిల్. చేసిన పనిని చులకన చేయడం, తీసిపారేయడం. ఈ మాటని మొదట రాసింది తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ అంటారు, 1780లలో. యూరప్ జంతువుల కంటే అమెరికా జంతువులు చిన్నవి అని ఫ్రెంచ్ శాస్త్రవేత్త బుఫాఁ చెప్పిన సిద్ధాంతానికి జవాబు రాస్తూ వాడాడు. ఇదేం మాటండీ అని అప్పట్లో లండన్ విమర్శకులు ఎగతాళి చేశారు, అంటే బిలిటిల్‌నే బిలిటిల్ చేశారన్నమాట. ఇప్పుడది అందరి మాట. మనిషిని కాకుండా మనిషి చేసినదాన్ని చిన్నది చేయడానికి దీనికి మించింది లేదు. అదీగాక ఇది చూసినవాళ్లు చెప్పగలిగే విషయం. మీరు హ్యుమిలియేట్ అయ్యారో లేదో మీ మనసుకి తెలుసు, మేనేజరు మీ పనిని తేలిక చేశాడా లేదా అన్నది ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

కాబట్టి నేనైతే ఇలా కూర్చుతాను. మొదటి వాక్యంలో తేదీ, మీటింగు, ఆయన అన్న మాట యథాతథంగా, కోట్స్‌లో. విశేషణం ఒక్కటీ వద్దు. రెండో వాక్యంలో, టీమ్ ముందు నా పనిని బిలిటిల్ చేశారు, ఇది ఇంతకుముందు కూడా జరిగింది అని (జరిగి ఉంటేనే). మూడో వాక్యంలో, “ఐ ఫౌండ్ దిస్ హ్యుమిలియేటింగ్” అని మీకు ఎలా అనిపించిందో. హి హ్యుమిలియేటెడ్ మి అని ఆయన్ని కర్తగా పెట్టి రాస్తే ఆయన ఉద్దేశం మీద వాదన మొదలవుతుంది, నాకలా ఉద్దేశం లేదు అంటాడు. హ్యుమిలియేటింగ్‌గా అనిపించింది అంటే దాన్ని ఎవడూ కాదనలేడు. ఇన్సల్ట్ వద్దు, అది రాస్తే తిట్టాడేమో, ఏం తిట్టాడో అని అడుగుతారు, ఆయన తిట్టలేదు. ఎంబరాస్ అసలే వద్దు, హెచ్‌ఆర్ వాళ్లు నవ్వి “బిట్ ఆఫ్ ఎ జోక్” అని మూసేస్తారు. డిమీనింగ్ అనేది ఆయన వాడే భాష గురించి రాయదలుచుకుంటే ఒకచోట పెట్టొచ్చు, ‘డిమీనింగ్ లాంగ్వేజ్’ అని.

మీరు మహిళ అయితే ఇంకో మాట. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టంలో, ఆరోగ్యానికో భద్రతకో ముప్పు తెచ్చే హ్యుమిలియేటింగ్ ట్రీట్‌మెంట్ అనేది ఒక అంశంగా ఉంది, అయితే అది లైంగిక వేధింపుతో ముడిపడిన సందర్భానికే. ఐదో తరగతి జోకుకి ఆ చట్టం రాదు. అలాంటిది వేరే ఏమైనా ఉంటే ఈ మెయిల్‌లో కలపకండి, విడిగా అంతర్గత కమిటీకి రాయండి.

పంపేముందు స్పెల్లింగు చూసుకోండి. ఎంబరాస్‌లో ఆర్ రెండు, ఎస్ రెండు. హరాస్‌లో ఆర్ ఒకటే, ఎస్ రెండు. హ్యుమిలియేట్‌లో ఎల్ ఒకటే.